పరిహాసము నడుమ నిరీక్షణ: పురుషోత్తమ చౌదరి కీర్తనలు

ఆంధ్ర వాఙ్మయ చరిత్రలను తిరుగవేసినచో పదకవితా ప్రకరణమున అన్నమాచార్యుడు, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు వరుసగా దర్శనమిత్తురు. వారి వెనుక జావళీకర్తలకును చోటు దొరకినది. క్రైస్తవ కీర్తనకారుల పేరు మాత్రము పెక్కు గ్రంథములలో కానరాదు; కనిపించినను ఒక వాక్యముతో సరి. పాడువారి సంఖ్యనుబట్టి చూచినచో ఇది వింతయే. ప్రతి ఆదివారము తెలుగునాట పల్లెపల్లెనను, తెలుగునాటికి వెలుపల బరంపురము, చెన్నపట్టణము, బెంగుళూరు వంటి చోట్ల తెలుగు సంఘములు కూడు మందిరములలోను పాడబడుచున్న కీర్తనలివి. అక్షరము రాని వృద్ధులు సైతము పదుల కొలది కీర్తనలను చరణములతో సహా కంఠస్థముగా పాడగలరు. ఇట్టి భాగ్యము ఆధునిక కవులలో ఎందఱికి కలిగినది?

ఈ యుపేక్షకు కారణములు రెండు. సాహిత్యజ్ఞులు ఈ రచనలను పాదిరి తెలుగని నవ్వి త్రోసివేసిరి. క్రైస్తవులు వీనిని ఆరాధన సామగ్రిగా దాచుకొనిరే కాని కవిత్వముగా పరీక్షింపలేదు. ఒకరి నవ్వును, ఇంకొకరి భక్తియు, రెండును విమర్శకు అడ్డుగోడలే యైనవి. ఈ కీర్తనలలో ప్రధానమైన యొక భావము, అనగా పరిహాసమునకును కష్టమునకును లోనైన మనుష్యుడు తన నిరీక్షణను చల్లారనీయక కాపాడుకొనుట, ఇచ్చట పరిశీలింపబడుచున్నది. అందలి గుణముతో పాటు ఒక లోటును గూడ చెప్పక తప్పదు.

నిరీక్షణ యను మాటతోనే ఆరంభింపవలెను. తెలుగున "ఆశ" యను పదము సామాన్యమైనది. కాని దానికి మచ్చ కలదు. దురాశ, పేరాశ, అడియాస, ఆశపోతు అను మాటల నడుమ పెరిగిన పదమది. ఆశను చంపుకొమ్మని వేదాంతులును, శతకకారులును తరతరములుగా బోధించిరి. 19వ శతాబ్ది తొలి దినములలో విశాఖపట్టణమున దే గ్రాంజ్ దొర ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెనిగింప పూనుకొన్నది మొదలు, పలు సవరణల మీదుగా నేటి తెలుగు బైబిలు ఏర్పడినది. దానిలో పరలోక విషయకమైన ఆశను చెప్పవలసిన ముఖ్య స్థలములందు కనబడునది "నిరీక్షణ". సంస్కృతమున దీనికి చక్కగా చూచుట యని యర్థము. తెలుగు వాడుకలో ఎదురుచూపు. ఈ మార్పు చిన్నది కాదు. ఆశపడువాడు ఎవరికిని తెలియకుండ మనస్సులో ఆశపడవచ్చును. ఎదురుచూచువాడు వాకిట నిలువవలెను, దారివైపు చూడవలెను. వీధిలో పోవువారు వానిని చూతురు, ఎవరికొఱకని అడుగుదురు, ఎంతకును ఎవరును రాకున్నచో నవ్వుదురు. నిరీక్షణ కలవానికి పరిహాసము తప్పదని ఈ పదమే చెప్పుచున్నది.

క్రొత్త నిబంధనలో పేతురు పేరిట నున్న రెండు పత్రికలును ఈ స్థితిని గూర్చినవే. మీ నిరీక్షణకు హేతువేమని అడిగినవారికి సాత్వికముతో ఉత్తరమిచ్చుటకు సిద్ధముగా నుండుడని మొదటి పత్రిక హెచ్చరించును. రెండవ పత్రికలోని అపహాసకులు ఇంకను సూటియైనవారు. వత్తుననినవాడు ఏడీ, పితరులు గతించిన నాటినుండి లోకము ఎట్లుండెనో అట్లే యున్నది కదా యని వారి ప్రశ్న. ఇది మూర్ఖుల ప్రశ్న కాదు. పత్రికాకర్త దానికి చెప్పిన సమాధానము, అనగా ప్రభువునకు ఒక దినమును వేయి సంవత్సరములును సమానమనుట, తర్కమున నిలుచు సమాధానమును కాదు. అది ఓర్పునకు ఊతమిచ్చు మాట మాత్రమే.

ఆ రెండవ రాకకు తెలుగు బైబిలున వాడబడిన పదము "రాకడ". సంస్కృత సమాసములకు లోటులేని యా యనువాదమున ఈ అచ్చ తెలుగు మాట నిలుచుట గమనింపదగినది. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికిని తెలియవని తెలుగు రైతు నోట ఎప్పుడును ఆడు సామెత కలదు. ఆ సామెత నెఱిగినవానికి రాకడ యనగానే ఒక అనుభవము స్ఫురించును: దుక్కి దున్ని విత్తు చేతబట్టుకొని మేఘము వంక చూచుట. వాన ఆలస్యమైనదని విత్తనమును తినివైచువాడు సేద్యగాడు కాడు. గ్రీకు మూలమున రాజు నగర ప్రవేశమును స్ఫురింపజేయు మాట తెలుగున వాన కొఱకైన ఎదురుచూపుతో ముడిపడినది. అనువాదకులు దీనిని ఉద్దేశించి చేసిరో, భాషయే వారిచేత చేయించినదో కాని, కఱవు సీమలలో ఈ మాటకు కలిగిన బలము ఏ వ్యాఖ్యానము చేతను కలుగదు.

ఈ పదసంపదను కీర్తనగా మలచినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఆయన జన్మస్థలము పర్లాకిమిడి సమీపమునందలి మదనాపురము. తెలుగు ఆయనకు ఇంటి భాష కాదు. బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, ఒడియా మాటలాడు ఇంట పెరిగి, చదువుచేత తెలుగును వశపఱచుకొన్నవాడు. 1833లో బాప్తిస్మము పొందెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, బరంపురము, కటకము ప్రాంతములలో చిరకాలము బోధకుడుగా తిరిగెను. ఆనాడు బ్రాహ్మణుడు క్రైస్తవుడగుట అనగా బంధువులకు చచ్చినవానితో సమానమగుట. భార్య రాధామణి మొదట సమ్మతింపక, కొంతకాలమునకు గాని ఆయనతో చేరలేదు. నిన్నటి వఱకు నమస్కరించినవారు నేడు ప్రక్కకు తొలగి నవ్వుట ఎట్లుండునో ఆయన ఎఱుగును.

ఈ పర్లాకిమిడి సీమను గూర్చి ఒక మాట. త్యాగరాజు 1847 వఱకు కావేరీ తీరమున తిరువయ్యారులో తెలుగున పాడుచుండగా, అదే కాలమున తెలుగు సీమకు ఉత్తరపు కొసను చౌదరి క్రీస్తును గూర్చి తెలుగున పాడుచుండెను. ఒకరు తమిళ దేశమధ్యమున, ఇంకొకరు ఓఢ్ర సరిహద్దున. పిమ్మట గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదమును నడపినదియు ఆ పర్లాకిమిడి నుండియే. 1936లో ఆ పట్టణము ఒడిస్సా రాష్ట్రమున చేరినప్పుడు ఆయన దానిని వీడి రాజమహేంద్రవరము చేరెను. భాషకు అంచులని తలచిన చోట్ల భాషను గూర్చిన పని జరుగుట తెలుగునకు క్రొత్త కాదు.

చౌదరి పద్యగద్యములలో పెక్కు వ్రాసెను. "కులాచార పరీక్ష", "నిస్తార రత్నాకరము" వంటివి ఆయన పేర ప్రసిద్ధమైనవి. ఖండనమండనములతో కూడిన రచనలు ఆ కాలపు మిషను సాహిత్యమున కొల్లలు. పరమతస్థుడు నవ్వినచో తిరిగి నవ్వుట, వాని యాచారమును పరీక్షకు పెట్టుట వాని పద్ధతి. పేతురు కోరిన సాత్వికము ఆ వాదగ్రంథములలో తఱచుగా లోపించినదని నిష్పక్షపాతముగా చదివినవారు ఒప్పుకొందురు. కులమును ప్రశ్నించుటలో వానికి చారిత్రకమైన విలువ కలదు. దానిని తక్కువ చేయరాదు. అయినను నేడు వానిని చదువువారు పరిశోధకులు మాత్రమే. కీర్తనలు మాత్రము నిలిచినవి. నిరీక్షణకు హేతువును అడిగినవారికి వాదము చెప్పిన ఉత్తరము మఱుగుపడి, పాట చెప్పిన ఉత్తరము బ్రతికినది.

బ్రతుకుటకు కారణము భక్తి యొక్కటియే కాదు, నిర్మాణము కూడ. చౌదరి క్రైస్తవ భావములను దిగుమతి చేసికొనెనే కాని పాట కట్టును దిగుమతి చేసికొనలేదు. పల్లవి, అనుపల్లవి, చరణములు, పైని రాగతాళముల నిర్దేశము, యతిప్రాసల యందు శ్రద్ధ, త్రాహి యను సంస్కృతపు మొఱ, ఇవి యన్నియు తెలుగు భజన గోష్ఠికి పూర్వమునుండి పరిచితములు. పల్లవి తిరిగి తిరిగి వచ్చుటలోనే నిరీక్షణకు తగిన లక్షణ మొకటి కలదు. చరణమున పాపము, దుఃఖము, శత్రువుల నవ్వు ఎంత దూరము వర్ణింపబడినను పాడువాడు పల్లవికి రాక తప్పదు. పది చరణముల దుఃఖమునకు పదిమాఱులు అదే ప్రార్థన. ఇది తర్కమున పునరుక్తి, గానమున నిలుకడ. ఆంగ్ల కీర్తనలను అవే వరుసలకు తెనిగించిన పాటలను వీనితో పోల్చి చూచినచో భేదము తెలియును. అచ్చట తెలుగు దీర్ఘాక్షరము పడవలసిన చోట పరభాషా వరుస హ్రస్వమును కోరును. మాట నలిగి, అర్థము గొంతునకు అడ్డుపడును. అట్టి పాటలు బడులలో నేర్పబడి, పెద్దపట్టణపు మందిరములలో నిలిచినవి. కూలినాలికి పోవువారి నోట మాత్రము చౌదరివంటివారి కీర్తనలే నానినవి.

ఆర్. ఆర్. సుందరరావు 1983లో చెన్నపట్టణమున ప్రకటింపబడిన తమ ఆంగ్ల గ్రంథమున తెలుగు క్రైస్తవ కీర్తనలను భక్తి సంప్రదాయ దృష్టితో పరిశీలించిరి. శరణాగతి, నామస్మరణ, ఇష్టదైవముతో సాన్నిహిత్యము, ఈ లక్షణములు రెండింటికిని సమానములని స్థాపించిన యా కృషి ఈ రంగమున మార్గదర్శకమైనది. అయితే సామ్యమును చూపు పరిశోధన ఎక్కడ సామ్యము తెగినదో కూడ చూపవలసి యుండును. తెగిన చోటు ఒకటి స్పష్టముగా నున్నది. అది నిందాస్తుతి.

కంచర్ల గోపన్న గోల్కొండ చెఱలో నుండి రాముని వేడుకొనెను; వేడుకొనుటతో ఆగక ఎత్తిపొడిచెను. చేయించిన నగల లెక్క అప్పజెప్పి, ఎవరి సొమ్మని కులుకుచున్నావని నిలదీసెను. నిలదీసి, మరల కాళ్లమీద పడెను. తెలుగు భక్తి గీతమునకు ఈ చనవు ప్రాణము. త్యాగరాజునందును ఇది కలదు. చౌదరి కీర్తనలలో మొఱ కలదు, పశ్చాత్తాపము కలదు, తన్ను తాను దూషించుకొనుట మెండుగా కలదు. దైవమును నిలదీయుట మాత్రము మిక్కిలి అరుదు. తప్పంతయు భక్తునిదే, దయ యంతయు ప్రభువుదే. ఆలస్యమునకు ఆయనను ప్రశ్నించు గొంతు వినరాదు.

ఇది క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమగుటచేత విడువబడినదని కొందఱందురు. ఆ మాట నిలువదు. తెలుగు బైబిలున దావీదు మొదలగువారి గీతముల గ్రంథమునకు "కీర్తనలు" అనియే పేరు. ఆ గ్రంథమున పెక్కు గీతములు నిష్ఠురములే. ఎంతకాలము మఱతువు, ఏల ముఖము దాచితివి, నన్ను చూచి నవ్వువారిని చూడవా యని ప్రార్థించువాడు నిర్భయముగా అడుగును. సిలువపై యేసు నోట వచ్చిన విలాపము 22వ కీర్తనకు ఆరంభము. ఆయనను చూచి తలలూపి గేలిచేసినవారి ప్రస్తావము సైతము ఆ కీర్తనలోనిదే. అనగా దైవమును నిలదీయుటకు మూలమునందును అనుమతి కలదు, తెలుగు సంప్రదాయమునందును అనుమతి కలదు. రెండు అనుమతులుండియు చౌదరి వానిని వాడుకొనలేదు.

ఏల వాడుకొనలేదు? గోపన్న చుట్టు నున్నవారందఱు రాముని ఎఱిగినవారే. ఇంటి మనిషి ఇంటి యజమానిపై అలిగినచో చూచువారు అది అలుకయని గ్రహింతురు. చౌదరి చుట్టు నున్నవారు ఆయన ప్రభువును ఎఱుగరు. ఎప్పుడు వెనుకకు వచ్చునా, ఎప్పుడు నీ దేవుడు నిన్నేమి చేసెనని అడుగవచ్చునా యని కాచుకొని యున్నవారు. అట్టివారి యెదుట ఆయన ఒక్క నిష్ఠురమాడినను అది వారి నోటికి అందిన ఆయుధమగును. ఇరుగుపొరుగు నవ్వుచుండగా అలుగుటకు వీలులేని కోడలి వంటి స్థితి యిది. తన్ను దూషించుకొనుట నిరపాయము. ఆయనను ప్రశ్నించుట అపాయము. ఆ విధముగా పరిహాసము వెలుపలి నుండి వచ్చి పాట లోపలి స్వరూపమును గూడ మార్చినది. నిరీక్షణను కాపాడుకొనుటకై కవి చనవును వదలుకొనవలసి వచ్చినది. ఈ మూల్యమును గుర్తింపక ఆయన వినయమును మాత్రమే పొగడుట సగము విమర్శ.

కీర్తన కర్తతో ఆగదు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను సంకలనము శాఖాభేదములను దాటి లూథరను, బాప్తిస్టు మొదలగు సంఘములన్నిటి చేతికిని వచ్చుటతో, బ్రాహ్మణ వంశజుడు కట్టిన పాటలు ప్రధానముగా మాల మాదిగ పేటలలో పాడబడినవి. వారి కష్టము చౌదరి కష్టము కంటె వేఱు. వారిని నవ్విన నవ్వును వేఱు. దానిని తెలిసికొనుటకు ఒంగోలు చరిత్రను కొంత చూడవలెను.

అమెరికను బాప్తిస్టుల తెలుగు మిషను 1836లో ఆరంభమై 1840లో నెల్లూరు చేరినది. ఫలితము స్వల్పమగుటచే 1848, 1853, 1862 సంవత్సరములలో దానిని మూసివేయవలెనను ప్రతిపాదన వచ్చినది. పటముపై ఒక్కటే చుక్కగా నున్నందున ఆ పనికి ఒంటరి నక్షత్రమని పేరు పడినది. ఆ పేరుతో శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఒక గీతమును వ్రాసెను. అనగా నిరీక్షణను శంకించినవారు అన్యులు మాత్రమే కారు, పంపినవారును శంకించిరి. 1854 జనవరి 1వ తేదీని ఒంగోలు కొండపై ఐదుగురు కూడి ప్రార్థించిన వృత్తాంతము మిషను చరిత్రలలో పలుమాఱులు చెప్పబడినది. చెప్పునప్పుడు జూయెట్ దొర పేరే ముందు వచ్చును. ఆ ఐదుగురిలో నరసు, జూలియా, రూతు అను మువ్వురు ఈ దేశీయులు. ఎవరి దేశము కొఱకు ఆ ప్రార్థన జరిగెనో వారే అందు అధిక సంఖ్యాకులుగా నుండుట కథకులకు తట్టలేదు.

1866లో తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ బాప్తిస్మము పొందిన పిమ్మట ఆ ప్రాంతమున మార్పు వేగముగా వచ్చినది. దానితో పాటు బాధయు వచ్చినది. జాన్ ఇ. క్లౌ జీవిత కథగా ఆయన మరణానంతరము 1914లో వెలువడిన "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" అను గ్రంథమున ఆ బహిష్కారము వర్ణింపబడినది. చాకలి బట్ట లుతుకరాదు, కుమ్మరి కుండ లమ్మరాదు, ఊరి బీటిలో వీరి పశువులు మేయరాదు, చెప్పులు, తోలుసామాను కుట్టు పని వీరికి ఈయరాదు, పంటకోతకు పిలువరాదు. కోత కూలి పోయినచో ఏడాది గింజలు పోయినట్లే. ఆ గ్రంథమున ఉపదేశ భాగములు చప్పగా నున్నను ఈ వివరములు మాత్రము నేటికిని కంటికి కట్టును. హింస యనగా కత్తియు కొరడాయు అని తలచువారికి, ఒక పల్లె మాట్లాడకుండగనే మనిషిని ఎట్లు ఎండగట్టగలదో ఇవి చూపును.

1876–78 నాటి కఱవు వచ్చినది. వాన రాకడ నిజముగానే తప్పినది. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసికొని వేలమందికి పని చూపెను. ఆ కఱవు దినములలో బాప్తిస్మము లీయుటకు ఆయన నిరాకరించెను. కఱవు తగ్గిన పిమ్మట 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను.

కూటి కొఱకు మతము పుచ్చుకొనిరను పరిహాసము ఆనాటినుండి వీరిని వెన్నాడుచున్నది. మిషను పక్షమువారు, కఱవున బాప్తిస్మ మీయలేదు గదా యని ఉత్తర మిత్తురు. ఉత్తరము సత్యమే, కాని అది పరిహాసకుని ప్రాతిపదికనే అంగీకరించినది. ఆకలిగొన్నవాని నిరీక్షణ నిరీక్షణ కాదనియు, కడుపు నిండినవాని నిరీక్షణయే శుద్ధమనియు ఇరుపక్షములును ఒప్పుకొన్నట్లున్నది. యేసు నేర్పిన ప్రార్థనయందు దేవుని రాజ్యము రావలెనను కోరికయు, నేటి ఆహారము కావలెనను కోరికయు ఇంచుమించుగా ప్రక్కప్రక్కనే యున్నవి. రెండింటి నడుమ గోడ కట్టినది ప్రార్థన కాదు, దానిని వ్యాఖ్యానించినవారు. విత్తు చేతబట్టుకొని మేఘమును చూచువానికి ఆహారమును రాకడయు వేఱువేఱు విషయములు కావు.

ఈ జనులు చౌదరి కీర్తనలను పాడుకొనిరి. తమ పాపమును గూర్చి కన్నీరు కార్చు చరణములను పాడిరి. తమపై జరిగిన పాపమును గూర్చి నిలదీయు చరణము వారికి లభింపలేదు. లేని చరణమును గొంతుతో పూరించిరని చెప్పవచ్చును: గ్రామ సంఘములలో ఇప్పటికిని వృద్ధస్త్రీలు త్రాహి యను మాటను సాగదీయు తీరున, పుస్తకమున లేని నిష్ఠురము ధ్వనించును. కాని గొంతు వేఱు, మాట వేఱు.

మాట రావలసి యుండెను. అది కీర్తనగా రాలేదు. 1941లో "గబ్బిలము"గా వచ్చినది. గుఱ్ఱము జాషువ (1895–1971) క్రైస్తవ గృహమున పుట్టినవాడు. అగ్రవర్ణ సభలయందు అవమానము పొందెను. పురాణేతిహాసములను చదివి కావ్యములు కట్టినందుకు స్వమతస్థుల యాగ్రహమునకును గురియయ్యెను. రెండు వాకిళ్లయందును నవ్వబడినవాడు. ఆకలిగొన్న అస్పృశ్యుని మొఱను గబ్బిలముచేత పరమేశ్వరుని చెవికి పంపిన ఆ కావ్యమున, రామదాసుకు పిమ్మట మఱల తెలుగున దైవమును నిలదీయు గొంతు నిండుగా వినవచ్చినది. ఆలయము చొరరానివానికి ఆలయమున వ్రేలాడు పక్షి దూత యగుట కేవలము చమత్కారము కాదు. క్రైస్తవ కీర్తనలో చోటు దొరకని నిష్ఠురము ఒక క్రైస్తవ కవి చేతనే శివుని గుడికి పోవలసి వచ్చినదనుట క్రైస్తవ సంఘములు ఆలోచింపవలసిన విషయము. అదే కవి 1958లో "క్రీస్తు చరిత్ర"ను ప్రకటించెను; దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. రెండు కావ్యములను రెండు మతములకు పంచి పెట్టి, ఒకదానిని సాంఘికమనియు ఇంకొకదానిని భక్తిపరమనియు వేఱుచేయు అలవాటు విమర్శకులలో కలదు. నిష్ఠురమును నిరీక్షణయు ఒకే గుండెలో నుండునని దావీదు కీర్తనల నెఱిగినవారు ఇట్లు విభజింపరు.

చౌదరి పాటల ప్రయాణము తెలుగు నేలతో ముగియలేదు. గిరిమిట్ ఒప్పందముతో చెన్నపట్టణపు రేవునుండి నాటాలు చెఱకుతోటలకు పోయిన కూలీలలో తెలుగు క్రైస్తవులు కలరు. తోటలో ఐదేండ్ల చాకిరి, అది ముగిసి అచ్చటనే నిలిచినవారిపై 1895 చట్టముచేత ఏటేట మూడు పౌనుల పన్ను. వారి కొఱకు 1903లో జాన్ రంగయ్య యను బోధకుడు తెలుగునాటి బాప్తిస్టు సంఘముల సాయముతో అచ్చటికి పోయెను. విదేశీయులు పంపినవాడు కాడు. ఒకనాడు మూసివేయదలచిన మిషనులోని తెలుగువారే పంపినవాడు. ఒంగోలు కొండమీది ప్రార్థనకు అప్పటికి ఇంకను అర్ధశతాబ్దమే గడచినది.

తెలుగు ప్రాంతమునకు వెలుపల స్థిరపడిన కుటుంబములలో లిపి మొదట పోవును, మాట పిమ్మట సన్నగిల్లును, పాట చివరి వఱకు నుండును. పర్లాకిమిడి, బరంపురము మొదలగు చోట్ల వృద్ధులు పాడు వరుసలకును పుస్తకమున కీర్తనకు పైని ముద్రింపబడిన రాగమునకును పెక్కుచోట్ల పొత్తు కుదరదు. ముద్రితమైనది తప్పో, పాడునది తప్పో తేల్చుటకు ముందు, పాడునది ఉన్నదున్నట్లుగా సేకరింపబడవలెను. కవి పుట్టిన సీమలో ఆయన పాట ఏ వరుసన నిలిచినదో, ఏ మాట మాఱినదో, ఏ చరణము విడువబడి ఏది పొడిగింపబడినదో స్వరముతో సహా వ్రాసికొనగలవారు అచ్చటి తెలుగు సంఘములలోనే యున్నారు. పాడగలవారు నానాటికి తగ్గుచున్నారు.